ఖాళీ బండి బరువు

జూన్ 3, సోమవారం

61.200.

గత నెల 20న ఈ పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "తమ్ముడు 64.500. పది రోజుల్లో రెండు కిలోలు పెరిగాడు. కోలుకుంటున్నాడు." ఈ రోజు ఆ చివరి మాట కొట్టేశాను. పెరిగింది ఒళ్లు కాదట, నీరు. కాలేయం గట్టిపడిపోయి పొట్టలో నీరు చేరుతోందట. ఆ రోజు మా ఆఫీసులో బస్తాలు తూచే కాటా మీద వాణ్ణి నిలబెట్టింది నేనే. అంకె చూసి భుజం తట్టిందీ నేనే.

మందు వాసన కూడా గిట్టనివాడు. పదిహేనేళ్లుగా సిటీ బస్సులో కండక్టరు. ఎప్పుడో పట్టిన కామెర్లు లోపలే ఉండిపోయి ఇంత పని చేశాయి.

ఎవరిదైనా కాలేయంలో ముక్క తీసి పెట్టాలన్నారు. మూడు నెలలకంటే ఆగడం కష్టమన్నారు. ఇచ్చినవాళ్లకి అది మళ్లీ పెరుగుతుందట. మరదలి రక్తం కలవలేదు. కలిసేది నాది, అక్కది.

ఆసుపత్రి వరండాలో అక్క అంది, "నాది తీసుకోమనండి. నా దగ్గర అన్నీ ఎక్కువే."

"టన్నక్కా, వాళ్లకి కొవ్వు లేని లివర్ కావాలి. నీ దగ్గరికొస్తే కత్తి జారిపోతుంది" అన్నాను.

తమ్ముడు నవ్వాడు. అక్క కూడా నవ్వింది. "సరేరా సన్నోడా, నువ్వే ఇయ్యి. నాకు కుట్టుపని మిగులుతుంది" అంది. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది.

టన్నక్క అనే పేరు నేను పెట్టిందే. లారీ కాటాలో చేరిన ఏడాది ఆమెను తూచి, టన్నులో ఎన్నో వంతో లెక్కకట్టి చెప్పాను. ఇప్పుడు మా పిల్లలూ తమ్ముడి పిల్లలూ టన్నత్త అంటారు. ఆమె ఏనాడూ ఏమీ అనలేదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు 61. ఈ రోజు 61. పందొమ్మిదేళ్లు.

జూన్ 5

61.100. రక్తం తీశారు.

జూన్ 9

61.200. స్కానింగు. అరగంట ఊపిరి బిగపట్టడం, వదలడం. బయటికి వచ్చి ఎదురు కొట్లో రెండు టీలు తాగాను.

జూన్ 12, బుధవారం

61.200.

ఇచ్చేవాళ్లని చూసే డాక్టరు వేరే. ఆవిడకి మా కుటుంబం గురించి తెలియదు.

"మందు తాగుతారా?"

"ముట్టను."

"షుగరు?"

"లేదు."

తెర నావైపు తిప్పింది. "మీ లివర్‌లో వందకి ఇరవై నాలుగు పాళ్లు కొవ్వుంది. దీన్ని ఇప్పుడు కొయ్యలేం."

తెర మీద పేరు చూశాను. నా పేరే. వయసు కూడా చూశాను. నాదే.

"మేడమ్, నా బరువు అరవై ఒకటి."

"చూశాను."

"పందొమ్మిదేళ్లుగా అరవై ఒకటే. రోజూ రాసుకుంటాను."

"బరువు అంతే ఉండి సరుకు మారి ఉంటుంది. కండ తగ్గి ఆ మేరకు కొవ్వు చేరితే కాటాకి ఏం తెలుస్తుంది?"

కాటా గురించి నాకే చెప్పింది.

నాకు అర్థం కాలేదనుకుందేమో, నెమ్మదిగా వివరించింది. కొవ్వంటే అందరూ తిట్టుకుంటారు గానీ అదీ ఒక అవయవమే, గుండెలాగా, మూత్రపిండంలాగా. చలికి అడ్డం, దెబ్బకి మెత్త, తిండి లేని రోజుకి నిల్వ. ఇక తిన్నది చాలు అని మెదడుకి కబురు పంపేది కూడా అదే. చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో ఉన్నంతవరకు దాని పని అది చేసుకుంటుంది. "కొందరికి ఆ గోడౌను పెద్దగా ఉంటుంది, ఎంతొచ్చినా పట్టుకుంటుంది. మీది చిన్న గోడౌను. పట్టని సరుకు ఎక్కడికి పోతుంది? పేగుల చుట్టూ పడుతుంది, లివర్‌లో పడుతుంది."

ఆరు వారాల గడువు ఇచ్చింది. రోజూ గంట నడక. గుడ్లు, పప్పు, కూరలు తినాలి, కడుపు మాడ్చకూడదు. తీపి పూర్తిగా మానాలి. నెమ్మదిగా మూడు నాలుగు కిలోలు దిగాలి. పదికి లోపు వస్తే అప్పుడు చూస్తారు.

తర్వాత పెన్ను తెరిచి అడిగింది. "ఈలోగా పరీక్ష చెయ్యడానికి ఇంకెవరైనా ఉన్నారా? తోబుట్టువులు?"

"లేరు" అన్నాను.

రాసుకుంది.

అక్క మీద కత్తి పడకూడదు. ఆమెకి నలభై ఆరు. మెట్లెక్కితే ఆయాసం. అందుకే అలా అన్నాను.

ఇంట్లో నేను చెప్పింది: రిపోర్టు బాగుంది, ఇంకొన్ని పరీక్షలున్నాయి.

జూన్ 13

61.000.

తీపి మానమంది. నేను తీపి ముట్టను. పిల్లల పుట్టినరోజు కేకు కూడా పక్కవాళ్లకిచ్చేస్తాను. మానడానికి ఏమీ లేనప్పుడు తిండే మానాలి.

ఉదయం ఏమీ లేదు. మధ్యాహ్నం సగం రొట్టె. సాయంత్రం ఒక గుడ్డు. ఆకలి వేసినప్పుడల్లా టీ. అదొక్కటే నిలబెడుతోంది.

జూన్ 16

59.700. మూడు రోజుల్లో కిలో మూడొందలు. ఈ లెక్కన ఆరు వారాలు అక్కర్లేదు.

జూన్ 18, మంగళవారం

59.200.

కంకర కోసం పాత ఆకుపచ్చ లారీ వచ్చింది. ఖాళీ బండి ముందు తూచి, లోడయ్యాక మళ్లీ తూచి, తేడాకి చీటీ రాస్తాం. ఖాళీ బరువు ఎంత ఎక్కువ చూపిస్తే తేడా అంత తగ్గి, వాళ్లు కట్టే డబ్బు అంత తగ్గుతుంది. తెర మీద 9,720 పడింది. నా రిజిస్టరులో ఆ బండి ఎప్పుడూ 9,340.

"పాత బండి కదా సార్, వయసు మీద పడి ఒళ్లు చేసింది" అన్నాడు డ్రైవరు.

"లారీకి ఒళ్లు రాదు. సీటు తియ్యి."

సీటు కింద, పనిముట్ల పెట్టెలో, క్యాబిను వెనక పరదా కింద ఇసుక సంచులు దొరికాయి. దింపించి మళ్లీ తూచాను. 9,340.

"మీ కంటికి దండం సార్" అన్నాడు. "బయటికి ఏం కనబడలేదు కదా, ఎలా పట్టారు?"

బయటికి కనబడేది నేను చూడను, పాత లెక్క చూస్తాను అని చెప్పాను. ఐదో టీ చల్లారిపోయింది. కొట్టాయన ఇంకోటి పంపాడు.

నా పాత లెక్కలో తేడా లేదు. పందొమ్మిదేళ్లు ఒకే అంకె. ఆ స్కానింగు మిషను ఎవరు సరిచూస్తారో, ఎన్నాళ్లకోసారి సరిచూస్తారో అడగాల్సింది.

జూన్ 21

58.600.

తమ్ముడింటికి వెళ్లాను. కాళ్లు సన్నగా, పొట్ట కుండలా ఉంది. కళ్లు పసుపు. దిండుకి ఆనుకుని కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు.

"అన్నయ్యా, నాకో భయం పట్టుకుంది. నీ ముక్క పెడితే నాకూ నోరు పడిపోతుందేమో. స్టాపు పేర్లు ఎవడు చెప్తాడు?"

"నాది పెట్టించుకో, బస్సు దిగేదాకా వాగుతూనే ఉంటావు" అంది అక్క. మూలన కూర్చుని వాడి లుంగీ అంచు కుడుతోంది. నావైపు చూసింది. "ఏరా, ప్యాంటు జారుతోంది నీకు. ఇంటికి రా, బిగించి ఇస్తాను."

"తర్వాత."

"పరీక్షలు ఎంతకీ తెమలవేంటి? ఈపాటికి నీ లివర్ వాళ్లకి బట్టీ వచ్చేసి ఉండాలి."

"పెద్ద ఆసుపత్రి కదా."

అక్క దారం కొరికింది.

జూన్ 25

57.500. అక్క మీద కత్తి పడకూడదు.

జూన్ 28

57.000.

మా ఆవిడ కాటా దాకా వచ్చింది. ఎప్పుడూ రాదు. గేటు దగ్గర ఆగి, అక్కడ పడుకునే వీధి కుక్కని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ఏమండీ, అది అంత నున్నగా తయారైందేంటి?"

"ఎవరో పెడుతున్నారు."

"నేను కట్టిచ్చిన పెట్టెలో కూర ఏంటో చెప్పండి."

చెప్పలేకపోయాను. ఆవిడ అక్కడే బల్ల మీద కూర్చుని, తెచ్చిన అన్నం నా ముందు పెట్టి, తినేదాకా కదలలేదు. లారీలు వరసలో ఆగాయి. డ్రైవర్లు హారన్లు కూడా కొట్టలేదు. సగం తిన్నాను. ఆవిడ వెళ్లాక మిగతాది ఏం చేశానో రాయను.

జూన్ 30

56.600.

జులై 2, మంగళవారం

56.200.

ఈ రోజు ఒక చీటీ తప్పు రాశాను. 14,860కి బదులు 18,460. డ్రైవరే వెనక్కి తెచ్చి, "సార్, ఇది నా బండి కాదేమో చూడండి" అన్నాడు. పందొమ్మిదేళ్లలో మొదటిది. అంకెలు తెర మీద స్థిరంగానే ఉన్నాయి. ఊగింది నా కళ్ల ముందరి గదే.

ఎనిమిది టీలు.

పాత పుస్తకాల కొట్లో శరీరం గురించి ఒక పుస్తకం కొన్నాను. ఆరో తరగతితో చదువు ఆగింది, మిగతా అక్షరాలన్నీ లోడు కాగితాల మీదే నేర్చుకున్నాను, కాబట్టి రోజుకి రెండు పేజీలకంటే సాగడం లేదు. ఎలుగుబంటి చలికాలమంతా తన కొవ్వు తిని బతుకుతుందని ఉంది. నిద్ర లేచేసరికి సన్నబడి ఉంటుందట, జబ్బుపడి మాత్రం ఉండదట. ఆ పేజీ దగ్గర చీటీ పెట్టుకున్నాను. నాది కూడా అలాగే కరుగుతోందని నమ్మకం.

జులై 7, ఆదివారం

55.400.

పొద్దున మరదలు ఫోను చేసింది. "బావగారూ, ఈయన నన్ను గుర్తుపట్టడం లేదు" అంది. అంతే, పెట్టేసింది.

నేను వెళ్లేసరికి ఆసుపత్రిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు వేళ్ల మధ్య ఏదో పట్టుకున్నట్టు చెయ్యి గాల్లో పెట్టాడు. నావైపు చూసి, కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, అడిగాడు.

"ఎక్కడి దాకా?"

"ఇంటి దాకా" అన్నాను.

"ఇంటి స్టాపు దాటిపోయింది. ముందు చెప్పాలి కదా. ముందుకి జరగండి, ముందుకి జరగండి."

నర్సు వచ్చి, కాలేయం వడకట్టని విషం మెదడుకి ఎక్కితే ఇలాగే ఉంటుందని, మందిస్తే తేరుకుంటాడని చెప్పింది. అక్క వాడి చెయ్యి పట్టుకుని, "ఒక్క టికెట్టు ఇవ్వు బాబూ, నేను చివరి దాకా" అంది. వాడు గాల్లోంచి చింపి ఇచ్చాడు. అక్క దాన్ని జాకెట్లో పెట్టుకుంది.

బయటికి వచ్చాక నా మోచెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పు. నీది ఎప్పుడు తీస్తున్నారు?"

"వచ్చే వారం చెప్తారు."

జులై 9

55.100. సాయంత్రానికి నన్ను గుర్తుపట్టాడు. "అన్నయ్యా, ఎవరు తినేస్తున్నారు నిన్ను?" అన్నాడు. అక్క మీద కత్తి పడకూడదు.

జులై 15, సోమవారం

54.300.

గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. అయినా నేనే వెళ్లి మళ్లీ స్కానింగు చేయించుకున్నాను. ఏడు కిలోలు తగ్గినవాడికి భయమేంటి అనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి పిలిచారు.

డాక్టరు కాగితం చూడలేదు, ముందు నన్ను చూసింది. "కూర్చోండి. పడిపోయేలా ఉన్నారు."

"ఎంతకొచ్చింది?"

"ఇరవై రెండు."

అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది.

"ఏడు కిలోలు మేడమ్."

"అందులో ఎక్కువ కండే. లివర్‌కి కొత్తగా వాపు కూడా వచ్చింది. నేను మాడొద్దని చెప్పాను కదా. ఏం తింటున్నారు?"

చెప్పాను. సగం రొట్టె, గుడ్డు, కొన్ని రోజులు అదీ లేదు.

"తాగేది?"

"నీళ్లు. టీ."

"టీ ఎన్ని?"

"ఎనిమిది. లోడ్లు ఎక్కువగా ఉంటే తొమ్మిది."

"చక్కెర?"

"కొట్టాయనకి నా సంగతి తెలుసు. మూడు చెంచాలు వేస్తాడు."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "అంటే రోజుకి పాతిక చెంచాల చక్కెర. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి?"

"టీ తిండి కాదు కదా" అన్నాను. అంటూ ఉండగానే నా మాట నాకు వినబడింది. తిన్నది తూచాను, తాగింది ఎన్నడూ కాటా మీద పెట్టలేదు. తీపి మానమన్నప్పుడు కేకుని తలుచుకున్నానే గాని గ్లాసుని కాదు.

"మీ తమ్ముడికి ఆగస్టు దాకా ఆగే ఓపిక లేదు" అంది. "మీరు బాగవుతారు, నెలలు పడుతుంది. ఆయనకి నెలల్లేవు. నిజంగానే ఇంకెవరూ లేరా?"

లేచి వచ్చేశాను.

అక్క ఇంటికి నడిచాను. బస్సు ఎక్కాలనిపించలేదు. ముందు గదిలో మిషను, చుట్టూ స్కూలు యూనిఫారాల కుప్పలు. మెడలో టేపు. బావ ఇంట్లో లేడు, అది నయమైంది.

"రా. ఈ వేళప్పుడు వచ్చావంటే ప్యాంటు ఊడి చేతికొచ్చి ఉంటుంది. నిలబడు."

నిలబడ్డాను. టేపు నడుము చుట్టూ వేసింది.

"పొట్ట లోపలికి లాక్కోకు. ఉన్నది ఉన్నట్టు వదులు."

వదిలాను.

"ముప్పై నాలుగున్నర." తొడ కొలిచింది. "పదహారు. నీ కాళ్లేమయ్యాయిరా?"

గోడ అల్మారాలోంచి పొడుగాటి కొలతల పుస్తకం తీసింది. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే ప్రతి మనిషికీ ఒక పేజీ ఉంటుంది. నా పేజీ తెరిచి మిషను మీద పెట్టింది. ఏటా ఒక వరస. నడుము: ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిదిన్నర, ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై మూడు, కిందటేడు ముప్పై ఆరు. తొడ: ఇరవై ఒకటి నుంచి దిగుతూ దిగుతూ పద్దెనిమిది.

"ఏడాదికి రెండు ప్యాంట్లు కుట్టిస్తావు కదా. ఏ ఒక్కసారైనా బిగుతైందా?"

"లేదు."

"ఎందుకు కాలేదనుకున్నావు?"

"అరవై ఒకటే కదా అని."

"ప్రతి ఏడూ నేను వదులు చేశాను కాబట్టి. 'అక్కా, పాత కొలతే పెట్టు' అంటావు. కొలతేమో పెరిగేది. చెప్తే చిన్నబుచ్చుకుంటావని పాత కొలతే అని కుట్టేదాన్ని."

పందొమ్మిదేళ్లుగా నా ఒంటి నిజం ఈ ఇంట్లో రాసి ఉంది. నేను వేరే పుస్తకం చూసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు చెప్పాను. ఇరవై నాలుగు, ఇరవై రెండు, టీలు, కుక్క, అన్నీ. చివరికి అదీ చెప్పాను. ఇంకెవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగితే లేరన్నానని.

అక్క మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. అది తిరగడం లేదు, అయినా ఆపింది.

"ఎప్పుడు?"

"జూన్ పన్నెండు."

వేళ్ల మీద లెక్కపెట్టింది. "ముప్పై మూడు రోజులు."

"నీకు కత్తి..."

"ఎవరూ లేరన్నావా? ఇంత మనిషిని, నీకు కనబడలేదా?"

ఆ మాటకి నవ్వు రావాలి. ఇద్దరికీ రాలేదు.

ఆమె లేచి మిషను మీద గుడ్డ కప్పింది. సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉండిపోయింది. "రేపు ఎన్నింటికి తెరుస్తారు ఆసుపత్రి?" అంది.

జులై 16

తూచుకోలేదు. లిఫ్టు పనిచేయడం లేదు. మూడంతస్తులు. అక్క ముందెక్కి పైన నిలబడి ఉంది, నేను రెండో అంతస్తులో గోడ పట్టుకుని ఆగాను. "రారా, మెట్లెక్కితే ఆయాసమొచ్చేది నాకు కదా" అంది. ఈ పుస్తకంలో రాశానే గాని ఎవరితోనూ అనలేదు ఆ మాట. ఎలా తెలిసిందో.

డాక్టరు ఫైలు చూసి, అక్కని చూసి, నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. "ఆలస్యమైంది, పనిలో పడదాం" అని మాత్రం అంది.

జులై 18, గురువారం

అక్క కాలేయంలో కొవ్వు: మూడు.

డెబ్బై నాలుగు కిలోల మనిషి. షుగరు లేదు, బీపీ లేదు. కొవ్వంతా ఉండాల్సిన చోట, తొడల్లో, పిరుదుల్లో కుదురుగా కూర్చుని ఉందట. లోపలికి ఒక్క చుక్క రానివ్వలేదట. "మీ అక్కగారిది మంచి గోడౌను" అంది డాక్టరు.

"ఇదిగో, నా సరుకు గురించి ఏం మాట్లాడినా నాతో మాట్లాడండి" అంది అక్క.

జులై 19

అక్క మీద కత్తి పడకూడదని ఈ పుస్తకంలో మూడు చోట్ల రాశాను. ఇవాళ వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. నిజమైతే ఒక్కసారి రాస్తే సరిపోయేది.

జూన్ మూడున వరండాలో అక్కని చూసి నవ్విన నవ్వు వెనక్కి తీసుకోలేక, దాని కోసం తమ్ముడికి ఉన్న రోజుల్లో ముప్పై మూడు పోగొట్టాను. ఇది ఒక్కసారే రాస్తున్నాను.

జులై 23

తమ్ముణ్ణి ఆసుపత్రిలో మళ్లీ చేర్చుకున్నారు. పొట్టలోంచి ఐదు లీటర్ల నీరు తీశారు. ఐదు కిలోలు తగ్గాడు. ఈసారి ఆ అంకెకి అర్థం వెతకలేదు.

ఆపరేషను 29న.

జులై 26

బావ వచ్చాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. కాటా గదిలో కుర్చీ అంచున కూర్చుని అన్నాడు, "నువ్వు సంతకం పెట్టాల్సిన చోట నేను పెట్టాను. నాకేం కోపం లేదు. నా భార్య లేచి రావాలి. అంతే."

లారీ వచ్చి కాటా ఎక్కింది. బావే కిటికీలోంచి, "ఒక్క నిమిషం ఆగవయ్యా" అని చెప్పాడు.

జులై 29, సోమవారం

6.40కి అక్కని తీసుకెళ్లారు. బండి మీద పడుకుని, "ఆ స్కూలు చొక్కాకి గుండీలు కుట్టాలి, ఎవరికైనా చెప్పు" అంది.

"అక్కా" అన్నాను.

"పేరు సగం మింగేశావే. టన్ను ఎక్కడ పోయింది?"

తలుపులు మూసుకున్నాయి.

8.15కి తమ్ముణ్ణి తీసుకెళ్లారు.

11.00. ఏమీ లేదు.

1.30. ఒక నర్సు బయటికి పరిగెత్తి, సంచులు పట్టుకుని లోపలికి పరిగెత్తింది. రక్తం. ఎవరికో చెప్పలేదు. బావ లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు. మా ఆవిడ నా చేతిలో రొట్టె పెట్టింది. తిన్నాను.

3.50. డాక్టరు వచ్చింది. టోపీ కింద నుదురు తడిగా ఉంది. అక్క పని అయిపోయింది, బాగుంది. ముక్క ఆరువందల తొంభై గ్రాములు.

"తూచారా?" అన్నాను.

"తూస్తాం. ఎంత ఉందో తెలియాలి కదా."

కాటా సరిచూసి ఎన్నాళ్లైందని నోటి దాకా వచ్చింది. అడగలేదు.

7.20. తమ్ముడికి అతికించారు. రక్తం పోనిచ్చిన నిమిషంలోనే ముక్క రంగు తిరిగిందట. రెండు రోజులు గడవాలన్నారు.

జులై 30

అక్క కళ్లు తెరిచింది. "ఎంత తీశారు?"

"ఆరువందల తొంభై గ్రాములు."

"అంతేనా. టన్నులో ఏం తగ్గినట్టు?" అని మళ్లీ నిద్రపోయింది.

జులై 31

తమ్ముడికి జ్వరం. పసుపు తగ్గలేదు.

ఆగస్టు 1

జ్వరం అలాగే ఉంది. మరదలు మాట్లాడటం లేదు. టీ, చక్కెర లేకుండా. మింగడం కష్టంగా ఉంది.

ఆగస్టు 3, శనివారం

జ్వరం దిగింది. అద్దంలోంచి చూడనిచ్చారు. కళ్లు తెల్లబడుతున్నాయి, అంచుల్లో మాత్రం కొంచెం పసుపు. నన్ను చూసి చెయ్యి ఎత్తి రెండు వేళ్లు కలిపాడు. పెదవులు కదిలాయి. నర్సు బయటికి వచ్చి, "మీరు టికెట్టు తీసుకోలేదట, అడగమన్నారు" అంది.

వరండా చివరి దాకా నడిచి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి వచ్చాను.

ఆగస్టు 27, మంగళవారం

అక్క ఇంట్లో అందరం. అక్క వంగకూడదు, బరువు ఎత్తకూడదు, మిషను తొక్కకూడదు. కుర్చీలో దిండు పెట్టుకుని కూర్చుని అందరికీ పనులు చెప్తోంది. లోపల మిగిలినది అప్పుడే చాలావరకు పెరిగిందని డాక్టరు చెప్పిందట. "మంచి విత్తనం" అంటోంది తన కాలేయం గురించి.

తమ్ముడు ప్యాంటుని రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. నీరు పోయాక ఒక్కటీ నిలవడం లేదు. పొద్దున్నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు.

"నాది కాదు ఈ వాగుడు, అక్కది" అంటున్నాడు. "అన్నయ్యది పెట్టి ఉంటే ఈపాటికి మీకందరికీ ప్రశాంతంగా ఉండేది."

"బస్సులో డబల్ డ్యూటీ వెయ్యమను" అంది అక్క. తర్వాత మెడలోంచి టేపు తీసి నాకిచ్చింది. "నేను వంగలేను. నువ్వు కొలువు."

నేను టేపు పట్టడం ఇదే మొదలు. తమ్ముడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. చొక్కా పైకెత్తాడు. పొట్ట మీద గీత ఇంకా ఎర్రగా ఉంది. టేపు నడుము చుట్టూ తిప్పి, అంకె తక్కువ రావాలన్నట్టు నా చెయ్యి దానంతటదే లాగింది.

"బిగించకు" అంది అక్క వెనకనుంచి. "ఉన్నది ఉన్నట్టు పట్టు."

వదులు చేశాను. ముప్పై ఒకటిన్నర. ఆమె పుస్తకంలో వాడి పేజీ తీసి, కింద వరసలో రాశాను. పక్కన నా పేజీ కనబడింది. అక్కడ కూడా ఒక వరస ఖాళీగా ఉంది.

టేపు నా నడుముకి చుట్టుకుని, ఊపిరి వదిలి, కనబడిన అంకె రాశాను.